చివరి బస్సు నుంచి వెనక్కి లెక్క: సొంత బండి లేకుండా ఉష్ణమండల దీవుల్లో, తీరాల్లో ట్రెక్కింగ్

ఒక చిన్న దీవి, ఆదివారం, సాయంత్రం ఆరు దాటింది. కొండ దిగి రోడ్డెక్కి, బస్ స్టాప్‌లో టైమ్‌టేబుల్ దగ్గరికెళ్లి, అద్దం మీద పేరుకున్న ఉప్పు పొరని అరచేత్తో తుడిచి చూస్తే అప్పుడు తెలిసింది, నేను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నది సోమవారం నుంచి శుక్రవారం వరకు నడిచే బస్సుల వరుస అని. ఆదివారం వరుస దాని పక్కనే ఉంది. అందులో చివరి బస్సు 5:40. తప్పు నాదే, ఎవర్నీ అనడానికి లేదు. జెట్టీ దాకా తారు రోడ్డు మీద ఏడు కిలోమీటర్లు, ఫోన్ లైటు వెలుగులో, తడిసిన బూట్లతో నడిచాను. కొండ మీద ఐదు గంటలు తిరిగినా పడని బొబ్బలు ఆ గంటన్నరలో పడ్డాయి.

అప్పటి నుంచి ప్లాన్ వేసే పద్ధతి మార్చాను. ముందు చివరి బస్సు, చివరి పడవ ఎన్నింటికో చూస్తాను, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వస్తాను, పొద్దున ఎన్నింటికి లేవాలో దానంతటదే తేలుతుంది. కింద రాసిందంతా ఆ లెక్క ఎలా వేయాలి, దాన్ని తలకిందులు చేసేవి ఏమిటి అన్నదే. ఎండ, వాన, పోటు, కోతులు అన్నీ చివరికి ఆ లెక్కలోకే వస్తాయి.

1. దారి ఎంచుకోవడం

కారులో వెళ్లినవాళ్లకి ఒక బంధం ఉంటుంది, ఎక్కడ పార్క్ చేశారో అక్కడికే తిరిగి రావాలి. బస్సులో వెళ్లేవాళ్లకి అది లేదు. ఒక ఊళ్లో దిగి, కొండ దాటి, ఇంకో ఊళ్లో బస్సెక్కొచ్చు. నన్నడిగితే మొదట వెతకాల్సింది ఇలా ఒక చివర ఎక్కి ఇంకో చివర దిగే దారులే, ఎందుకంటే వచ్చిన దారినే మళ్లీ చూడనక్కర్లేదు.

హాంకాంగ్‌లో డ్రాగన్స్ బ్యాక్ దీనికి చక్కటి ఉదాహరణ. షౌ కీ వాన్ మెట్రో స్టేషన్ బయట 9వ నంబర్ బస్సెక్కి టో తే వాన్ స్టాప్‌లో దిగితే ట్రెయిల్ మొదలు రోడ్డు పక్కనే ఉంటుంది. అక్కడి నుంచి కొండ వెన్ను మీదుగా 284 మీటర్ల షెక్ ఓ పీక్ దాటి, అడవిలోకి దిగి, దాదాపు 8.5 కిలోమీటర్ల తర్వాత బిగ్ వేవ్ బే బీచ్‌లో తేలతారు. చెమటతో వచ్చి నేరుగా సముద్రంలో దిగొచ్చు. అక్కడి నుంచి ఊళ్లోకి మినీబస్సు ఉంటుంది. వెన్ను మీద నీడ మాత్రం దాదాపు ఉండదు, అది గుర్తుపెట్టుకోండి.

అదే ఊళ్లో లామా దీవి ఇంకా తేలిక. సెంట్రల్‌లో 4వ నంబర్ పియర్ నుంచి ఫెర్రీలో యుంగ్ షూ వాన్‌లో దిగి, సిమెంటు బాట మీద ఐదారు కిలోమీటర్లు నడిచి, అవతలి పక్క సోక్ క్వూ వాన్‌లో ఇంకో ఫెర్రీ ఎక్కడం. ఇందులో ఒక కిటుకు ఉంది. సోక్ క్వూ వాన్ నుంచి ఫెర్రీలు తక్కువ, యుంగ్ షూ వాన్ నుంచి ఎక్కువ. సాయంత్రం ఆలస్యం అవుతుందనిపిస్తే ఉల్టా నడవండి, ఫెర్రీలు ఎక్కువున్న వైపు ముగించండి. ఏ దీవిలోనైనా ఇదే సూత్రం: బస్సులు గానీ పడవలు గానీ తక్కువున్న చివర నుంచి మొదలుపెట్టాలి, ఎక్కువున్న చివర ముగించాలి. పొద్దున పూట ఎదురుచూడటం పెద్ద ఇబ్బంది కాదు, సాయంత్రం ఎదురుచూడటమే ప్రాణం తీస్తుంది.

అసలు ఎప్పుడూ నడవనివాళ్లు సింగపూర్ సదరన్ రిడ్జెస్‌తో మొదలుపెట్టొచ్చు. హార్బర్‌ఫ్రంట్ మెట్రో స్టేషన్ బయటే మెట్లు మొదలవుతాయి. మౌంట్ ఫేబర్ ఎక్కి, రోడ్డుకి 36 మీటర్ల ఎత్తున అలలా వంపులు తిరిగే హెండర్సన్ వేవ్స్ వంతెన మీదుగా మొత్తం 10 కిలోమీటర్లు. మధ్యలో ఎక్కడ అలసిపోతే అక్కడ రోడ్డు మీదకి దిగి బస్సెక్కొచ్చు. మొదటి ట్రెక్‌కి ఇలా మధ్యలో తప్పుకునే దారి ఉండటం వ్యూ కన్నా ముఖ్యం.

వెళ్లిన దారినే వెనక్కి రావాల్సిన ట్రెయిల్స్ కూడా ఉంటాయి. సీషెల్స్‌లో మాహే దీవి మీద బెల్ ఓంబ్ర్ వైపు బస్సు డాంజిల్‌లో ఆగిపోతుంది, అక్కడి నుంచి గ్రానైట్ బండల అంచున సముద్రం పక్కనే ఆన్స్ మేజర్ అనే చిన్న బీచ్‌కి కాలిబాట. మలేసియాలోని పెనాంగ్‌లో 101వ నంబర్ బస్సు తెలుక్ బహాంగ్ దాకా వెళుతుంది, అక్కడే నేషనల్ పార్క్ గేటు. లోపల ఒక దారి పంతాయ్ కెరాచుట్ బీచ్‌కి, ఇంకో దారి మంకీ బీచ్ మీదుగా 1883 నాటి ముకా హెడ్ లైట్‌హౌస్‌కి వెళతాయి. కెరాచుట్‌లో తాబేళ్లు గుడ్లు పెడతాయి. వెనక ఒక సరస్సు ఉంది, పైన మంచినీళ్లు, అడుగున ఉప్పునీళ్లు, రెండూ కలవకుండా పొరలుగా ఉంటాయి. ఏడాదిలో కొన్నాళ్లు ఎండిపోయి ఉత్త బురదగా కనిపిస్తుంది, అప్పుడు వెళ్లి తిట్టుకోవద్దు.

ఇక కొన్ని చోట్లకి ముందే బుక్ చేసుకోవాలి. హవాయిలోని ఓహూ దీవిలో డైమండ్ హెడ్ ట్రెయిల్ ఒక వైపు 1.3 కిలోమీటర్లే, ఎక్కేది 171 మీటర్లే, కానీ 2022 మే నుంచి హవాయి బయటి నుంచి వచ్చేవాళ్లకి రిజర్వేషన్ తప్పనిసరి, బస్సులో వచ్చినా సరే. బస్సు దిగాక సొరంగం గుండా అగ్నిపర్వతం గిన్నె లోపలికి నడవాలి, మీకిచ్చిన టైములో ఆ నడక కూడా కలుపుకోండి.

2. బస్సూ పడవా

చూడాల్సినవి ఇవి, ఒక్కోటీ నిదానంగా చూడండి.

మొదటిది, మీరు వెళ్లే *ఆ రోజు* టైమ్‌టేబుల్. ఆదివారాలకి, సెలవులకి విడిగా ఉంటుంది, అది ఎటైనా పోవచ్చు. నా కథలో ఆదివారం బస్సులు తగ్గాయి. హాంకాంగ్‌లో సాయ్ కుంగ్ వైపు దీనికి రివర్స్: ట్రెక్కర్ల కోసం డైమండ్ హిల్ నుంచి నేరుగా వెళ్లే 96ఆర్ బస్సు ఆదివారాలు, సెలవు రోజుల్లోనే తిరుగుతుంది. మంగళవారం దాని కోసం నిలబడితే సాయంత్రం దాకా నిలబడాల్సిందే. మామూలు రోజుల్లో సాయ్ కుంగ్ ఊళ్లోకి వెళ్లి 94 ఎక్కాలి.

రెండోది, చివరి బస్సు కన్నా దాని ముందు బస్సు. నా ప్లాన్‌లో గమ్యం ఎప్పుడూ అదే. చివరిదాన్ని ఇన్సూరెన్స్‌లా పక్కన పెట్టుకోవాలి. పైగా సెలవు రోజు సాయంత్రం బీచ్ నుంచి వచ్చే బస్సు నిండిపోయి ఆగకుండా వెళ్లిపోవచ్చు, అప్పుడు దాని వెనకాల ఇంకోటి ఉండాలి కదా.

మూడోది, స్టాప్ రోడ్డుకి ఏ పక్కన ఉంది. నవ్వకండి. ఎడమ పక్కన నడిచే ట్రాఫిక్‌కి అలవాటుపడ్డవాళ్లు హవాయి లాంటి చోట్ల రోడ్డుకి అవతలి పక్క నిలబడి, కళ్ల ముందే తమ బస్సు పోతుంటే చూస్తుంటారు. ఊరి బయట స్టాపుల్లో బస్సు దానంతటది ఆగుతుందని కూడా అనుకోవద్దు, కనపడగానే చెయ్యెత్తండి.

పడవల సంగతి వేరు. ఫెర్రీలకి టైములుంటాయి, చిన్న పడవలకి ఉండవు. సింగపూర్ చాంగీ పాయింట్ నుంచి పులావ్ ఉబిన్‌కి వెళ్లే బంబోట్లు 12 మంది పోగయ్యాకే కదులుతాయి. పొద్దున జనం ఉంటే ఐదు నిమిషాలు, లేకపోతే ఎంతసేపో. తిరుగు ప్రయాణంలోనూ అంతే, చీకటి పడే వేళకి జెట్టీలో మీరిద్దరే ఉంటే మిగతా సీట్ల డబ్బు మీరే కట్టి కదిలించాల్సి రావచ్చు. కాబట్టి అక్కడ ఆలస్యం చేయొద్దు, నగదు చేతిలో ఉంచుకోండి. సరదా విషయం ఒకటి, ఉబిన్‌లో ఫోను జలసంధి అవతల ఉన్న మలేసియా నెట్‌వర్క్ పట్టేసుకుంటుంది. రోమింగ్ ఆపేసి వెళ్లండి.

కెరాచుట్ లాంటి చోట్ల వెళ్లేటప్పుడు నడిచి, వచ్చేటప్పుడు పడవలో రావొచ్చని చాలామంది ప్లాన్ చేసుకుంటారు. మంచి ప్లానే, కానీ మధ్యాహ్నానికి గాలి లేచి సముద్రం పొంగితే పడవలు రావు. వెనక్కి నడవడానికి సరిపడా టైము, నీళ్లు, ఓపిక మిగిలి ఉన్నప్పుడే పడవ మీద ఆశ పెట్టుకోండి.

డబ్బు విషయంలో ఒక్క మాట. ఊళ్లోని బస్ కార్డు ముందే కొని నింపుకోండి (హాంకాంగ్‌లో ఆక్టోపస్, ఓహూలో హోలో), దాంతోపాటు చిల్లర కూడా ఉంచుకోండి, నగదు తీసుకునే చాలా బస్సుల్లో డ్రైవర్ తిరిగి చిల్లర ఇవ్వరు. పెద్ద సూట్‌కేసులతో ఎక్కనివ్వని బస్సులూ ఉన్నాయి, ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా ట్రెయిల్‌కి వెళ్దామనే ఆలోచన మానుకోండి.

3. లెక్క వేయడం

1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: ప్రతి 5 కిలోమీటర్లకి ఒక గంట, దానికి తోడు ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. కాకపోతే ఆయన నడిచింది చల్లటి కొండల్లో. తేమ నిండిన వేడిలో దానికి సగం కలుపుకోవాలి, ఇది పుస్తకంలో ఉన్న మాట కాదు, నా కాళ్లు చెప్పిన మాట.

ఒక దారి తీసుకుందాం. 9 కిలోమీటర్లు, మొత్తం ఎక్కుడు 450 మీటర్లు. నడకకి 1 గంట 48 నిమిషాలు, ఎక్కుడుకి 45 నిమిషాలు, కలిపితే 2 గంటల 33 నిమిషాలు. వేడికి సగం కలిపితే 3:50. తినడానికి, ఫొటోలకి, నీడలో కూర్చోవడానికి ఒక గంట. మొత్తం దాదాపు ఐదు గంటలు. చివరి బస్సు 6:40, దాని ముందుది 5:40 అనుకుంటే 5:30కి స్టాప్‌లో ఉండాలి, అంటే 12:30 లోపు మొదలుపెట్టాలి. కానీ ఆ టైముకి నడినెత్తిన ఎండ, దానికి తోడు మధ్యాహ్నం వాన. అందుకే 12:30ని ఆఖరి గడువుగా రాసుకుని, అసలు నడక పొద్దున ఏడుకే మొదలుపెట్టాలి. బస్సు ఆలస్యమై, దారి తప్పి, ఎవరికో కాలు బెణికి ఎన్ని జరిగినా ఆ రెండింటి మధ్య ఉన్న ఐదున్నర గంటలు మీకు రక్ష.

వెళ్లిన దారినే వచ్చే ట్రెయిల్ అయితే వెనక్కి తిరిగే టైము ఒకటి ముందే అనుకోండి. 11:30 అనుకుంటే 11:30కి తిరగాల్సిందే, బీచ్ ఇంకో పది నిమిషాల దూరంలో ఉందని ఎదురొచ్చినవాళ్లు చెప్పినా సరే. ఎదురొచ్చినవాళ్లు చెప్పే పది నిమిషాలు ఎప్పుడూ పది నిమిషాలు కావు.

చీకటి గురించి కూడా తెలియాలి. భూమధ్యరేఖ దగ్గర సూర్యుడు దాదాపు నిటారుగా కిందికి దిగుతాడు, సంధ్య వెలుగు ఇరవై, ఇరవై ఐదు నిమిషాలకి మించి ఆగదు. చల్లటి దేశాల్లో లాగా సాయంత్రం నెమ్మదిగా మసకబారదు. చెట్ల కింద అయితే సూర్యాస్తమయానికి ముందే వేళ్లు కనపడవు. హెడ్‌టార్చ్ బరువు వంద గ్రాములు కూడా ఉండదు, ఉంచండి.

4. ఏ నెలలో, ఎలాంటి ఆకాశం కింద

ఉష్ణమండలం అంతా ఒకటే వాతావరణం అనుకోవడం పొరపాటు. హాంకాంగ్‌లో అక్టోబర్ నుంచి మార్చి దాకా హాయిగా నడవొచ్చు, జూన్ నుంచి సెప్టెంబర్ వరకు వేడి, తుఫాన్లు. సింగపూర్‌లో నవంబర్ నుంచి జనవరి దాకా ఈశాన్య రుతుపవనాల వానలు ఎక్కువ. ఓహూ ఉత్తర తీరంలో శీతాకాలం అలలు ఇల్లంత ఎత్తు లేస్తాయి, అదే తీరం ఎండాకాలంలో చెరువులా ఉంటుంది.

హాంకాంగ్ తుఫాను సిగ్నల్స్ 1, 3, తర్వాత నేరుగా 8. మధ్యలో అంకెలు లేవు, కాబట్టి 3 ఉన్నప్పుడు "ఇంకా చాలా ఉందిలే" అనుకోవడానికి లేదు. 8 ఎగరేశారంటే ఫెర్రీలు, బస్సులు ఆగిపోతాయి, దీవిలో ఉన్నవాళ్లు దీవిలోనే. 3 ఉన్న రోజు దీవులకి పోకండి.

రోజువారీ వాన సంగతి వేరే. పొద్దున నీలాకాశం, పదకొండుకి కాలీఫ్లవర్ లాంటి మబ్బులు, రెండింటికి ఉరుములు, మలయా వైపు చాలా రోజులు ఇలాగే నడుస్తాయి. ఉరుము వినపడిందంటే పిడుగు అందుకునే దూరంలో ఉన్నట్టే. కొండ వెన్ను దిగండి, ఒంటరి చెట్టు కిందికి పోకండి, చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి అప్పుడు కదలండి. వాగు దాటే దారి అయితే నీళ్ల రంగు చూస్తుండండి. తేటగా ఉన్న నీళ్లు ఉన్నట్టుండి మట్టి రంగుకి తిరిగి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తుంటే పైన కొండలో కుండపోత అన్నమాట. మీ నెత్తిన చుక్క పడకపోయినా గట్టెక్కి నిలబడండి. ఈ వాగు తగ్గేదాకా ఆగాల్సి రావడం ఒక్కటి చాలు, ప్లాన్ చేసుకున్న బస్సు పోతుంది.

5. ఆటుపోట్లు, అలలు

తీరం వెంబడి నడకలో మ్యాప్ మీద కనిపించే దారి రోజులో కొన్ని గంటలు ఉండదు. ఇసుక మీదుగా, బండల కిందుగా వెళ్లే చోట పోటు వస్తే దారి మూసుకుపోతుంది.

చాలా తీరాల్లో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు, ఒక పోటుకి ఇంకో పోటుకి మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. అందుకే నిన్నటి టైము ఇవాళ పనికిరాదు, రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పౌర్ణమికి, అమావాస్యకి తేడా బాగా ఎక్కువ. నీరు ఒకే వేగంతో పెరగదు, ఇది చాలామందికి తెలియదు: ఆరు గంటల్లో మొదటి గంట పన్నెండో వంతు, రెండో గంట రెండు వంతులు, మూడు నాలుగు గంటల్లో మూడేసి వంతులు, తర్వాత మళ్లీ రెండు, ఒకటి. అంటే మధ్య రెండు గంటల్లోనే సగం నీరు వచ్చేస్తుంది. మొదటి గంట చూసి "మెల్లగానే వస్తోంది" అనుకుని బండల అవతలికి పోయినవాళ్లే ఇరుక్కునేది. ఆటు ముగియడానికి గంట, గంటన్నర ముందు ఆ ముక్క దాటడం మొదలుపెడితే వెనక్కి రావడానికీ టైము ఉంటుంది.

పులావ్ ఉబిన్ తీరంలోని చెక్ జావాలో ఇది ఉల్టాగా మీకు లాభం. పూర్తి ఆటులో వెళితే బోర్డ్‌వాక్ కింద ఇసుక మేటలు, సముద్రపు గడ్డి మైదానాలు బయటపడి పీతలు, నక్షత్ర చేపలు కనిపిస్తాయి. పోటులో వెళితే నీళ్లు తప్ప ఏమీ లేవు.

హవాయిలో ఆటుపోట్ల తేడా ఒక మీటరు లోపే. అక్కడ చంపేవి అలలు. బండ మీదకి దిగే ముందు పావుగంట, ఇరవై నిమిషాలు ఊరికే నిలబడి చూడండి, పెద్ద అలలు గుంపులుగా వస్తాయి, మధ్యలో చాలాసేపు ఏమీ రావు. తడిగా మెరుస్తున్న బండ అంటే అల అక్కడి దాకా వస్తోందని అర్థం. సెల్ఫీ కోసమైనా సముద్రానికి వీపు తిప్పకండి.

6. సంచిలో ఏముండాలి

నీళ్లు గంటకి అర లీటరు నుంచి ముప్పావు లీటరు. ఐదు గంటల నడకకి మూడు లీటర్లు, బరువే, కానీ తాగుతూ పోతే తగ్గే బరువు. దారిలో దొరుకుతాయిలే అనుకోవద్దు. అలాగని ఒట్టి నీళ్లే పీపాలు పీపాలు తాగడం కూడా ప్రమాదమే, చెమటలో ఉప్పు పోయి రక్తంలో సోడియం పలచబడుతుంది. ఒక బాటిల్‌లో ఓఆర్ఎస్ కలుపుకుని, ఏదైనా ఉప్పగా ఉండేది తినండి. నేను రాత్రే ఒక బాటిల్ ముప్పావు వంతు నింపి ఫ్రీజర్‌లో పడుకోబెడతాను. పొద్దున దాన్ని చిన్న టవల్‌లో చుట్టి సంచిలో పెడితే పదకొండుకి చల్లటి నీళ్లు, పైగా టవల్ తడిసి మెడకి చుట్టుకోవడానికి పనికొస్తుంది.

బూట్ల విషయంలో నా అభిప్రాయం కొంచెం మొండిది. చీలమండ పైదాకా వచ్చే వాటర్‌ప్రూఫ్ లెదర్ బూట్లు ఇక్కడ దండగ. నీళ్లు పైనుంచి పడతాయి, లోపలి నుంచి చెమట, రెండూ అందులోనే నిలుస్తాయి. గాలాడే, తొందరగా ఆరే, అడుగున పట్టు ఉన్న ట్రెయిల్ షూ చాలు. చెప్పులు మాత్రం వద్దు.

బట్టలు కాటన్ వద్దు, తడిస్తే ఆరవు, తొడలు ఒరుసుకుపోతాయి. పల్చటి పొడుగు చేతుల చొక్కా ఎండకీ దోమలకీ రెండింటికీ మందు. ఫోను, పవర్ బ్యాంక్, డబ్బు జిప్ కవర్‌లో. చెమట చేతికి టచ్ స్క్రీన్ పని చేయదు, మ్యాప్ చూడాలంటే కర్చీఫు పొడిగా ఉండాలి, అది కూడా ఆ కవర్‌లోనే. మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దించుకోండి, సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పని చేస్తుంది. టైమ్‌టేబుల్ ఫొటో, ఈసారి సరైన రోజుది.

సన్‌స్క్రీన్ ముందు, దోమల మందు దాని మీద. డెంగీ మోసే ఏడిస్ దోమ పగలే కుడుతుంది, కాబట్టి సాయంత్రం రాసుకుందాం అనుకోవద్దు. డీట్ ఉన్న మందు ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది, చేతులకి రాసుకుని కళ్లజోడు, వాచీ ముట్టుకోకండి. హవాయిలో పగడాలకి హాని చేసే ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకం 2021 జనవరి నుంచి నిషేధం, లేబుల్ చూసి కొనండి.

ఇంకా ఒక పొడి టీషర్ట్. ఎందుకో చివర్లో చెప్తాను.

7. దారిలో

మొదటి అరగంట కావాలని నెమ్మదిగా నడవండి. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, నిన్న రాత్రి విమానం దిగినవాళ్లు ఇవాళ పరుగులు పెట్టకూడదు. పక్కవాళ్లతో మాట్లాడుతూ నడవగలిగినంత వేగం చాలు.

తడి వేరు మీద అడుగు వేయకండి, దాటి వేయండి. రాతి కన్నా వేరు ఎక్కువ జారుతుంది, అందులోనూ దారికి ఏటవాలుగా పడి ఉన్న వేరు. పాకుడు పట్టిన రాయి మీద తప్పదంటే పాదం మొత్తం ఆనించి, బరువు మధ్యలో ఉంచి, చిన్న అడుగులు. దిగుడులో చాలామంది పడేది చివరి కిలోమీటరులో, బస్సు టైము గుర్తొచ్చి తొందరపడినప్పుడు. మళ్లీ అదే లెక్క.

కోతులు దీవుల్లో పెద్ద దొంగలు. వాటికి ప్లాస్టిక్ కవర్ చప్పుడు అంటే తిండి. చేతిలో కవర్ పట్టుకోకండి, కళ్లలోకి చూడకండి, పళ్లు కనపడేలా నవ్వకండి, అది వాటికి సవాలు. ఏదైనా లాక్కుంటే వదిలేయండి.

జలగలు వాన తర్వాత వస్తాయి. సాక్సు ప్యాంటు మీదకి లాక్కోండి. పట్టుకుంటే గోరుతో దాని నోటి అంచు కింద తోసి విడదీయండి, నిప్పు, ఉప్పు పెట్టొద్దు. కరీబియన్ తీరాల్లో మాన్చినీల్ అనే చెట్టు ఉంటుంది, పచ్చటి చిన్న ఆపిల్స్ లాంటి కాయలు. పాలు తగిలితే బొబ్బలెక్కుతుంది, వానలో దాని కింద నిలబడినా ఆకుల మీంచి కారే నీళ్లు చాలు. కొన్ని చోట్ల మానుకి ఎర్ర రంగు పట్టీ వేస్తారు. ఆ పట్టీ కనపడితే తడుస్తూనే నడవండి. ఉత్తర ఆస్ట్రేలియా తీరంలో మడ అడవుల దగ్గర మొసలి బోర్డు ఉంటే నీటి అంచుకి కూడా పోవద్దు, అది ఉత్తుత్తి బోర్డు కాదు. హవాయి జలపాతాల దగ్గర లెప్టోస్పైరోసిస్ అనే బాక్టీరియా జబ్బు గురించి హెచ్చరిక ఉంటుంది, కాలికి గాయం ఉంటే నీళ్లలో దిగకండి.

8. ఒళ్లు మొరాయిస్తే

తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, విపరీతంగా చెమట: ఇది వేడి దెబ్బకి మొదటి దశ. నీడలో కూర్చోబెట్టి, బూట్లు విప్పి, ఓఆర్ఎస్ తాగించి, తడి గుడ్డతో విసరండి. మామూలుగా అరగంటలో తేరుకుంటారు, ఆ తర్వాత పైకి కాదు, కిందికి. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఎక్కడున్నాడో చెప్పలేకపోయినా అది వడదెబ్బ, ప్రాణం మీదకొచ్చే సంగతి. ఎమర్జెన్సీకి ఫోన్ చేయిస్తూనే ఒళ్లంతా నీళ్లు పోసి గట్టిగా విసరాలి, చల్లబరచడం ముందు, మోసుకుపోవడం తర్వాత. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి.

ఎమర్జెన్సీ నంబర్లు ముందే ఫోన్‌లో ఉండాలి: హాంకాంగ్‌లో, మలేసియాలో 999, సింగపూర్‌లో అంబులెన్స్ 995, హవాయిలో 911. ఫోన్ చేశాక "బీచ్‌కి పోయే దారిలో ఉన్నాం" అంటే వాళ్లకేం అర్థం కాదు. హాంకాంగ్ పెద్ద ట్రెయిల్స్ మీద ప్రతి 500 మీటర్లకి ఒక నంబర్ రాసిన దిమ్మె ఉంటుంది, దాటిన ప్రతి దిమ్మె నంబర్ ఒకసారి పైకి చదవండి, ఆఖరిది గుర్తుంటుంది. అలాంటివి లేని చోట జీపీఎస్ అంకెలు చదివి చెప్పండి. రేంజర్ ఆఫీసులో పేరు రాయమంటే నిజం పేరు, నిజం టైము రాయండి, దిగాక వచ్చేశామని కూడా చెప్పండి.

9. స్టాప్‌లో

బస్సు రావడానికి పదిహేను నిమిషాలుందంటే మీ లెక్క సరిగ్గా పని చేసినట్టే. ఇప్పుడు ఆ పొడి టీషర్ట్ తీయండి. చెమటతో తడిసి ముద్దయిన చొక్కాతో ఏసీ బస్సెక్కితే పది నిమిషాల్లో వణుకు మొదలవుతుంది, పైగా పక్క సీటులో కూర్చునేవాళ్లు మనుషులే కదా. బురద బూట్లు రోడ్డు అంచున తట్టండి. సంచి వీపు మీంచి దించి ముందుకి వేసుకోండి. మీ చెత్త కవర్ మీ సంచిలోనే, హాంకాంగ్ కంట్రీ పార్కుల ట్రెయిల్స్ మీద డబ్బాలు ఎప్పుడో తీసేశారు. ఇక సాక్సు మడత విప్పి ఒకసారి చీలమండ చూసుకోండి, జలగ ఇంకా అక్కడే ఉంటే బస్సెక్కాక కన్నా ఇప్పుడు తెలియడం మంచిది.